రెస్ట్ అయింది, నిద్ర కాలేదు

ఎక్కడైనా రైలు ప్రమాదం జరిగితే రెండు మూడు రోజుల్లో ఒక మాట బయటికొస్తుంది: మానవ తప్పిదం. డ్రైవర్ రెడ్ సిగ్నల్ దాటేశాడు. స్టేషన్ మాస్టర్ లైన్ మీద బండి ఉన్న సంగతి మర్చిపోయాడు. టెక్నీషియన్ తీగ సరిగ్గా కట్టలేదు. ఆ మనిషి సస్పెండ్ అవుతాడు, జనం నాలుగు తిట్లు తిడతారు, కారణం దొరికిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు ఒకటే అడగాలనిపిస్తుంది. ఆ మనిషి అంతకుముందు ఎప్పుడు పడుకున్నాడు? ఎంతసేపు పడుకున్నాడు?

నేను చాలా ఏళ్ళు క్రూ లాబీలో పనిచేశాను. ఏ బండికి ఏ డ్రైవర్, ఏ అసిస్టెంట్, ఏ గార్డు వెళ్ళాలో చూసి వాళ్ళని డ్యూటీకి పిలిచే చోటు అది. అర్ధరాత్రి ఫోన్ చేసి మనుషుల్ని లేపడం నా ఉద్యోగం. కాబట్టి రైల్వే పని గురించి నేను చెప్పేదంతా ఆ ఫోన్ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. ఇంజిన్లో కూర్చున్నవాళ్ళకి, పట్టాల మీద పనిచేసినవాళ్ళకి ఇంతకంటే ఎక్కువ తెలుసు. వాళ్ళకి రాసే తీరిక దొరకదు.

బయటివాళ్ళకి రైలు నడపడం తేలిక పనిలా కనిపిస్తుంది. స్టీరింగ్ లేదు, పట్టాలు ఎటు తీసుకెళ్తే అటు పోవడమే కదా అంటారు. డ్రైవర్ చేతిలో ఉన్నవి నిజంగానే రెండు, వేగం, బ్రేకు. కష్టం అక్కడే ఉంది. నిండు లోడుతో పోతున్న గూడ్స్ బ్రేకు వేసిన చోట ఆగదు, కిలోమీటరు పైనే పోయి ఆగుతుంది. కళ్ళకి అడ్డు కనిపించాక బ్రేకు వేస్తే అప్పటికే ఆలస్యం. ముందు ఏ వంపు ఉంది, ఎక్కడ పల్లంలో బండి తోసుకొస్తుంది, ఏ సిగ్నల్ ఏ మలుపు వెనక దాక్కుని ఉంది, ఇవన్నీ చీకట్లో, వానలో, పొగమంచులో తలలో ఉండాలి. అందుకే రూట్ నేర్చుకోకుండా ఎవరినీ కొత్త సెక్షన్లో ఒంటరిగా వదలరు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. డ్రైవర్ కళ్ళు 5 సెకన్లు మూతపడితే 140 మీటర్ల దూరం ఆ బండిని ఎవరూ నడపనట్టే. ఒక సిగ్నల్ తప్పిపోవడానికి అది చాలు.

పట్టాల మీద పనిచేసేవాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. పగలు లైన్ ఖాళీ ఉండదు కాబట్టి పట్టా మార్చడం, బండి లైన్ మారే చోట ఉండే పాయింట్లు బాగుచేయడం, సిగ్నల్ తీగలు మార్చడం లాంటి పెద్ద పనులు చాలా చోట్ల రాత్రిపూట బ్లాక్ తీసుకుని, అంటే ఆ లైన్లో బండ్లు ఆపించి చేస్తారు. ఇచ్చిన టైమ్‌లో ముగించి లైన్ అప్పగించాలి. ఆలస్యమైతే వెనక బండ్లన్నీ ఆగిపోతాయని నెత్తిమీద టెన్షన్. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య మనిషి ఒళ్ళు తనంతట తాను నిద్రలోకి జారాలని చూస్తుంది. సరిగ్గా ఆ వేళకే రైల్వే తన మనుషుల దగ్గర అత్యంత జాగ్రత్తగా చేయాల్సిన పనులు చేయించుకుంటుంది.

అయితే రాత్రి డ్యూటీ ఒక్కటే అయితే మనిషి ఎలాగోలా సర్దుకుంటాడు. ఈ ఉద్యోగంలో మనిషిని తినేసేది, డ్యూటీ ఎప్పుడో ముందుగా తెలియకపోవడం. ప్యాసింజర్ బండ్లకి లింకు ఉంటుంది, ఏ రోజు ఏ బండి అని ముందే తెలుస్తుంది. గూడ్స్‌కి అలా కాదు. సరుకు నిండితే బండి, దారి దొరికితే బండి.

ఒక డ్రైవర్ రోజుని తీసుకుందాం. రాత్రి ఇంట్లో పడుకుని పొద్దున ఆరింటికి లేచాడు. తన వంతు మధ్యాహ్నం రావచ్చని అంచనా. రాత్రంతా పడుకున్నవాడికి పొద్దున పదింటికి నిద్ర ఎలా వస్తుంది? బట్టలు సర్దుకుని, బాక్స్ రెడీ చేసుకుని కూర్చున్నాడు. యార్డులో బండి తయారు కాలేదు. మధ్యాహ్నం పోయింది, సాయంత్రం పోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని నడుం వాల్చాడు. మోగుతుందేమోనని ఒక చెవి దానిమీదే. పదకొండింటికి నేను ఫోన్ చేశాను, ఒంటిగంటకి సైన్ ఆన్, అంటే లాబీకి వచ్చి డ్యూటీలో చేరాలని. అతను ఇంజిన్ ఎక్కేసరికి లేచి 19 గంటలైంది. ఇక ఆ తెల్లవారుజామంతా అతను బండి నడపాలి. రికార్డు తీసి చూస్తే మాత్రం రోజంతా ఇంట్లో విశ్రాంతిగా ఉన్నాడు. రూలు ప్రకారం అతనికంటే ఎక్కువ రెస్ట్ తీసుకున్నవాడు ఆ రాత్రి లాబీలో లేడు.

ఇదేదో అరుదుగా జరిగేది కాదు. పిలుపు మీద ఆధారపడి బండ్లు నడిపే ప్రతిచోటా ఇదే కథ. చట్టం రెస్ట్‌ని గంటల్లో కొలుస్తుంది. ఆ గంటలు ఏ వేళలో పడ్డాయి, వాటిలో పడుకునే అవకాశం ఉందా లేదా అన్నది చట్టానికి కనిపించదు. ఫోన్ ఎత్తిన ఇల్లాలు "ఇప్పుడే పడుకున్నారండీ, ఇంకో గంట ఆగి చేస్తారా?" అని అడిగేవారు. ఆ మాట రాసుకోవడానికి మా రిజిస్టర్లో కాలమ్ ఉండేది కాదు.

డ్యూటీకి వచ్చిన ప్రతి డ్రైవర్ నోటి దగ్గరా బ్రెత్ ఎనలైజర్ పెట్టేవాళ్ళం. మంచి పద్ధతి, దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన సంగతి చదివినప్పటి నుంచి ఆ పరికరాన్ని చూస్తే నాకు బాధగా ఉంటుంది. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందట. 24 గంటలైతే 0.10 శాతం ఉన్నవాడితో సమానం. పైన చెప్పిన డ్రైవర్ ఎనలైజర్లో ఊదితే సున్నా వస్తుంది. వెళ్ళు అని సంతకం పెట్టించుకుని పంపుతాం.

అదే బండి విషయానికొస్తే మా పట్టింపు వేరు. రేక్, అంటే వ్యాగన్ల వరస తయారయ్యాక వాటి బ్రేకులు పరీక్షించి, ఎంత శాతం పనిచేస్తున్నాయో రాసి, సంతకాలు పెట్టి బ్రేక్ పవర్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ కాగితం లేకుండా డ్రైవర్ బండి కదపడు, కదపమని ఎవరూ అడగరు. పైఅధికారి ఫోన్ చేసి అర్జెంటన్నా కదలదు. నేనడిగేది ఇదొక్కటే. ఆ బ్రేకు వేయాల్సిన మనిషి విషయంలోనూ అంతే మొండిగా ఉండాలి. రెస్ట్‌ని ఉద్యోగికి చేసే ఉపకారంలా చూడడం మానేసి, బండికి ఉండాల్సిన పరికరాల్లో ఒకటిగా చూడాలి.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 1892 నవంబర్ 2 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లో థర్స్క్ దగ్గర, మేనర్ హౌస్ అనే సిగ్నల్ కేబిన్ వద్ద స్కాట్లాండ్ నుంచి లండన్ వెళ్తున్న ఎక్స్‌ప్రెస్ ముందున్న గూడ్స్ బండిని గుద్దింది. పది మంది చనిపోయారు. కేబిన్లో ఉన్న సిగ్నల్‌మన్ జేమ్స్ హోమ్స్ గూడ్స్ తన లైన్లోనే ఉందన్న సంగతి మరిచి ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చాడు. మధ్యలో కునుకు పట్టేసింది. అంతకుముందు రాత్రి డ్యూటీ అయ్యాక అతను నిద్రపోలేదు. పసిబిడ్డకి జబ్బు చేసింది. డాక్టర్ కోసం మైళ్ళకొద్దీ నడిచాడు, డాక్టర్ దొరకలేదు, బిడ్డ చనిపోయింది. ఆ రోజంతా భార్యని ఓదారుస్తూ ఉండిపోయాడు. ఈ రాత్రి పని చేయలేను, ఇంకొకర్ని పంపండి అని స్టేషన్ మాస్టర్‌కి చెప్పాడు. స్టేషన్ మాస్టర్ పైకి కబురు పెట్టాడు. ఎవరూ రాలేదు. బిడ్డ శవం ఇంట్లో ఉండగా హోమ్స్ డ్యూటీకి వెళ్ళాడు.

కోర్టు అతన్ని దోషి అంది, కానీ శిక్ష వేయకుండా వదిలేసింది. రైల్వే ఉద్యోగుల పని గంటల మీద బ్రిటిష్ పార్లమెంటు కమిటీ అప్పటికే విచారణ జరిపింది. 1893లో చట్టం వచ్చింది. పని గంటలు అతిగా ఉన్నాయని ఫిర్యాదు వస్తే షెడ్యూలు మార్చమని కంపెనీకి చెప్పే అధికారం ప్రభుత్వానికి దొరికింది.

అదే 1893లో అమెరికాలో ఇంకో చట్టం వచ్చింది. అంతవరకు అక్కడ వ్యాగన్లు కలపాలంటే మనిషి రెండింటి మధ్య నిలబడి చేత్తో పిన్ను వేయాలి. బండి ఆపాలంటే కదిలే వ్యాగన్ల పైకప్పుల మీద నడుస్తూ ఒక్కో బ్రేకూ బిగించాలి. వేళ్ళు పోయేవి, చేతులు పోయేవి, ప్రాణాలు పోయేవి. మనిషి మధ్యలోకి దిగకుండానే వ్యాగన్లని కలిపే ఆటోమేటిక్ కప్లర్‌కి ఈలై జానీ అనే అతను 1873లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంజిన్ నుంచే బండి మొత్తానికి బ్రేకు వేసే వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకు అంతకంటే ముందే ఉంది. ఇరవై ఏళ్ళపాటు చాలా కంపెనీలు ఖర్చు చూసి వెనకాడాయి, ప్రమాదాలకి మాత్రం అజాగ్రత్తే కారణం అన్నాయి. చట్టం ఆ పరికరాలు తప్పనిసరి చేశాక ఆ చావులు బాగా తగ్గాయి. పనివాళ్ళు రాత్రికి రాత్రి జాగ్రత్తపరులైపోయారా? వాళ్ళు అదివరకూ అంతే జాగ్రత్తగా ఉన్నారు.

నిద్ర విషయంలో మనం ఇంకా కప్లర్ చట్టానికి ముందు కాలంలోనే ఉన్నామని నా అభిప్రాయం. గంటల చట్టాలైతే వచ్చాయి. అమెరికాలో 1907లో వరస డ్యూటీకి 16 గంటలు హద్దు పెట్టారు, తర్వాత అది 12కి దిగింది. మన దేశంలో డ్యూటీ గంటల కోసం లోకో రన్నింగ్ స్టాఫ్ 1973లో సమ్మె చేశారు. 1974 మే 8 నుంచి 27 దాకా జరిగిన సార్వత్రిక రైల్వే సమ్మెలో 8 గంటల పనిదినం ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి, ఆ సమ్మెని వేల అరెస్టులతో అణిచేశారు. ఇన్ని పోరాటాల తర్వాత దొరికింది డ్యూటీకి హద్దు. డ్యూటీ మొదలయ్యేసరికి మనిషి ఎలా ఉన్నాడన్నది ఎవరి బాధ్యతా కాకుండా మిగిలిపోయింది.

దీనికి నాకు తెలిసిన అతి పెద్ద సాక్ష్యం క్లాఫమ్. 1988 డిసెంబర్ 12 ఉదయం లండన్‌లో క్లాఫమ్ జంక్షన్ దగ్గర మూడు రైళ్ళు గుద్దుకుని 35 మంది చనిపోయారు. రెడ్ చూపించాల్సిన సిగ్నల్ రెడ్ చూపించలేదు. సిగ్నళ్ళని నడిపే రిలే గదిలో తీగలు మార్చిన టెక్నీషియన్ పాత తీగని ఒకవైపే విప్పి వదిలేశాడు. కొనని కత్తిరించలేదు, కొత్త టేపు చుట్టలేదు. అది మళ్ళీ పాత చోటే తగిలింది. ఇదీ మానవ తప్పిదమే, ఎవరూ కాదనరు. విచారణ జరిపిన ఆంథొనీ హిడెన్ అక్కడితో ఆగి ఉంటే ఒక మనిషిని తప్పుపట్టి ఫైలు మూసేసేవారు. ఆయన ఇంకా తవ్వారు. ఆ టెక్నీషియన్‌కి 13 వారాల్లో ఒక్క రోజే సెలవు దొరికింది. అతను చేసిన పనిని ఇంకొకరు తీగలు లెక్కపెట్టి సరిచూడాలి, అదీ జరగలేదు. అలా తీగలు వదిలేయడం అతనికి ఏళ్ళనాటి అలవాటు, ఏ పైవాడూ దిద్దలేదు.

ఆ నివేదిక తర్వాతే బ్రిటన్‌లో హిడెన్ పరిమితులని పిలిచే లెక్కలు వచ్చాయి. ఒక డ్యూటీ 12 గంటలు దాటకూడదు, రెండు డ్యూటీల మధ్య 12 గంటలుండాలి, వారానికి 72 గంటలు దాటకూడదు, 14 రోజుల్లో 13 డ్యూటీలకి మించకూడదు. వారానికి 72 అంటే అదీ తక్కువేం కాదు. అంతకుముందు ఆ మాత్రం గీత కూడా గట్టిగా లేదంటే పరిస్థితి ఊహించుకోవచ్చు.

క్లాఫమ్ సంగతి ఎత్తితే ఎదురయ్యే వాదన ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. ఓటీ, అంటే ఓవర్‌టైమ్ కావాలని వాళ్ళే అడుగుతారు కదా, ఎవరు బలవంతం చేశారు అంటారు. నిజమే, లాబీలో నా దగ్గరికి కూడా వచ్చి "సార్, ఈ నెల కిలోమీటర్లు తగ్గాయి, ఒక బండి చూడండి" అని అడిగినవాళ్ళున్నారు. నడిపిన కిలోమీటర్లని బట్టి భత్యం వస్తుంది మరి. పిల్లల ఫీజులు, ఇంటి లోను, చెల్లెలి పెళ్ళి, ఎవరి అవసరాలు వాళ్ళవి. కానీ మామూలు జీతంతో ఇల్లు గడవక అదనపు డ్యూటీ మీద ఆధారపడే పరిస్థితి పెట్టింది ఎవరు? ఖాళీలు నింపకుండా ఉన్నవాళ్ళతోనే లాగించే చోట ఓటీ అనేది ఉద్యోగి ఇష్టం అనడం నేను ఒప్పుకోను. మనుషులు చాలినంత మంది ఉంటే అడిగినా ఓటీ దొరకదు. అది దొరుకుతోందంటేనే కొరత ఉందని అర్థం.

నిద్రకి యంత్రంతో మందు వేయొచ్చని చాలాకాలంగా అనుకుంటున్నారు. డ్రైవర్ కాలి కింద పెడల్, కాలు తీస్తే బ్రేకు పడుతుంది. 1986 ఫిబ్రవరి 8న కెనడాలో హింటన్ దగ్గర గూడ్స్ బండి ఒకటి రెడ్ దాటి ఎదురుగా వచ్చే ప్యాసింజర్ని గుద్దింది, 23 మంది చనిపోయారు. గూడ్స్ సిబ్బంది కొద్ది గంటల నిద్రతో డ్యూటీకి వచ్చారు. విచారణలో బయటపడిన సంగతేమిటంటే, గంటల తరబడి పెడల్ తొక్కి పట్టుకోలేక డ్రైవర్లు దానిమీద ఏదైనా బరువు పెట్టేయడం అక్కడ మామూలే. ఇంధనం, టైమ్ ఆదా అవుతాయని బండి పూర్తిగా ఆపకుండానే సిబ్బంది మారడం కూడా మామూలే. ఇప్పుడు వచ్చే పరికరాలు అంత తేలిగ్గా మోసపోవు, నొక్కుతూ ఉండాలి. అయినా జోగుతూ కూడా చేయి అలవాటు మీద బటన్ నొక్కేస్తుందని డ్రైవర్లందరికీ తెలుసు.

యూరప్‌లో ఈటీసీఎస్, అమెరికాలో పీటీసీ, మన దగ్గర కవచ్ లాంటివి ఇంకా మెరుగైనవి. రెడ్ దాటబోతే బండిని అవే ఆపుతాయి. అవి ప్రతి లైన్‌లోనూ రావాలి, ఎంత త్వరగా వస్తే అంత మంచిది. కానీ అవి వచ్చేస్తే నిద్ర సంగతి మర్చిపోవచ్చనేవాళ్ళతో నాకు పేచీ. అవి ఇంజిన్లో మనిషికి కాపలా. రిలే గదిలో తీగ కట్టేవాడికి, రెండు వ్యాగన్ల మధ్యకి దిగే షంటింగ్ మనిషికి, వెనకనుంచి వచ్చే బండి చప్పుడు వింటూ పట్టా మీద వంగి పనిచేసేవాడికి ఏం కాపలా? క్లాఫమ్‌లో సిగ్నలే తప్పు చూపించింది. ఆ సిగ్నల్ని నమ్ముకున్న యంత్రం కూడా డ్రైవర్‌తో పాటే మోసపోయేది.

భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అలసటని దాచేది అదే. 2005 ఏప్రిల్ 25న జపాన్‌లోని అమగసాకిలో 70 కిలోమీటర్ల పరిమితి ఉన్న వంపులో ఒక లోకల్ రైలు 116తో వచ్చి పట్టాలు తప్పింది. డ్రైవర్‌తో కలిపి 107 మంది చనిపోయారు. డ్రైవర్ వయసు 23. ముందు స్టేషన్లో ఆగాల్సిన చోటు దాటిపోయాడు, నిమిషంన్నర లోపు ఆలస్యం. ఆ సంస్థలో తప్పు చేసినవాళ్ళకి తిరిగి శిక్షణ పేరుతో గడ్డి పీకించడం, పేజీలకి పేజీలు సంజాయిషీలు రాయించడం చేసేవారు. చివరి క్షణాల్లో ఆ అబ్బాయి ధ్యాస బండి మీద లేదు. తన తప్పు గురించి గార్డు కంట్రోల్‌కి రేడియోలో ఏం చెబుతున్నాడో వింటూ ఉండిపోయి ఉంటాడని విచారణ తేల్చింది. శిక్ష ఇంత భయపెట్టే చోట "నాకు నిద్ర చాలలేదు, ఈ బండి ఎక్కలేను" అని ఏ డ్రైవర్ నోరు తెరుస్తాడు? లాబీలో ఆ మాట బయటికి అన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ళు కళ్ళు ఎర్రగా ఉన్నా మొహం కడుక్కుని వచ్చి సంతకం పెట్టేవారు. రిపోర్ట్ చేస్తే సిక్ అనాలి, సిక్ అంటే ప్రశ్నలు, డాక్టర్ దగ్గరికి తిరగడం, జీతంలో కోత.

డబ్బున్న దేశాల్లో ఇది బాగుంటుందనుకుంటే పొరపాటు. 2022 చివర్లో అమెరికా గూడ్స్ రైల్వే ఉద్యోగులు అడిగిన వాటిలో ముఖ్యమైనది జీతం ఇచ్చే సిక్ లీవు. సమ్మె జరగకుండా అక్కడి పార్లమెంటు, అంటే అమెరికా కాంగ్రెస్, ఒప్పందాన్ని చట్టంతో రుద్దింది. 7 రోజుల సిక్ లీవు చేర్చాలన్న ప్రతిపాదన సెనేట్‌లో 52 ఓట్లు వచ్చినా కావాల్సిన 60 రాక పోయింది. తర్వాత సంఘాలు ఒక్కో కంపెనీతో మాట్లాడి కొన్ని చోట్ల కొన్ని రోజులు సాధించుకున్నాయి. ఒళ్ళు బాగాలేని రోజు ఇంట్లో ఉండే హక్కు కోసం 2022లో రైల్వే మనిషి దేశం మొత్తాన్ని ఆపేంత పని చేయాల్సి వచ్చిందన్నమాట.

బండ్లు ఆగకూడదు, దేశానికి బొగ్గు, ధాన్యం, ఎరువు అందాలి, ఇన్ని నియమాలు పెడితే ఎలా నడుస్తాయి అని అడిగే ఆఫీసర్లని నేను చూశాను. చెడ్డవాళ్ళు కారు, వాళ్ళ మీదా ఒత్తిడి ఉంది. వాళ్ళకి నా జవాబు, చేయగలిగినవి చాలా ఉన్నాయని. గూడ్స్ డ్రైవర్‌కి రోజులో పిలిచే వేళని కొన్ని గంటలకి పరిమితం చేయొచ్చు, ఆ గంటలు దాటితే మర్నాటి దాకా పిలవకూడదు. బండి లేటైతే డ్రైవర్‌కి లేటని ముందే చెప్పి, ఇన్ని గంటల దాకా ఫోన్ రాదని మాటివ్వొచ్చు, అప్పుడతను హాయిగా పడుకుంటాడు. అమెరికాలో 2008 చట్టం రెస్ట్ సమయంలో 10 గంటలు ఫోన్ చేసి కదిలించకూడదని పెట్టింది. దానికి ఖర్చేమీ లేదు, కంట్రోల్ ఆఫీసు కాస్త ముందు ఆలోచించాలి, అంతే. మిగిలిందానికి మాత్రం మనుషులు కావాలి, పోస్టులు నింపాలి, డబ్బు పెట్టాలి. అది లేకుండా మిగతావన్నీ చెప్పడం మోసం.

ప్రమాదం జరిగాక విచారణకి వచ్చేవాళ్ళు చాలా దేశాల్లో చేసే మొదటి పనుల్లో ఒకటి, సిబ్బంది గత 72 గంటలు ఎలా గడిపారో రాబట్టడం. ఎప్పుడు డ్యూటీ దిగారు, ఎప్పుడు పడుకున్నారు, ఎప్పుడు లేచారు, మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ మోగింది. ఆ వివరాల్లో చాలావరకు అంతకుముందే లాబీ కంప్యూటర్లో ఉంటాయి. మిగతావి డ్రైవర్ని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు, చెబితే శిక్ష ఉండదన్న నమ్మకం ఉంటే. సైన్ ఆన్ స్క్రీన్ మీద బ్రెత్ ఎనలైజర్ రీడింగ్ కింద ఇంకో గడి పెట్టండి, లేచి ఎన్ని గంటలైందని. ఆ అంకె ఒక హద్దు దాటితే, బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేనప్పుడు ఎలా ఆపుతున్నారో అలాగే ఆ బండిని ఆపండి. ఆపినందుకు డ్రైవర్ని సంజాయిషీ అడగొద్దు, ఆ వేళకి అతన్ని పిలవాలని ప్లాన్ చేసిన ఆఫీసుని అడగండి.